నిపుణ పరిచారికయు, శాసనమును

(నైటింగేల్ జయంతి సందర్భమున ఏలూరులో చేసిన స్మారకోపన్యాసము)



ఫ్లారెన్స్ నైటింగేల్ స్మారకార్థము జరుగు సభలో వైద్యునకు బదులు న్యాయవాది నొకని నిలువబెట్టుటలో ఔచిత్యమేమని నేను సందేహింపగా, నన్ను పిలువవచ్చిన హెడ్‌నర్సుగారు, "మందుల సంగతి మాకు తెలుసునండీ, చట్టం సంగతే మాకెవ్వరూ చెప్పలేదు" అనిరి. ఆ మాట విన్న పిదప కాదనుటకు నాకు నోరు రాలేదు. కావున నిపుణ పరిచారిక చేయు పని యెట్టిది, ఆ పనిలో ఆమెకు పొంచియున్న అపాయము లెట్టివి, శాసనము ఆమెనుండి ఎంత కోరుచున్నది, కోరినందులకు తిరిగి ఎంత ఇచ్చుచున్నది అను విషయమునే నేడు విన్నవింపదలచితిని.

నైటింగేల్ 1820 మే 12వ తేదీన జన్మించి 1910లో గతించినది. మన దేశమున ఒక్కనాడైనను అడుగుపెట్టలేదు. అయినను గోదావరి డెల్టా వారమైన మనకు ఆమెతో కొంత బాంధవ్యము కలదు. ధవళేశ్వరము ఆనకట్టను 1847-52 సంవత్సరముల నడుమ కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తరప్రత్యుత్తరములు నడపి, హిందూదేశమున కాలువలు త్రవ్వించుట ప్రాణరక్షణ కార్యమేయని వాదించినది. భారతసైన్యపు ఆరోగ్యస్థితిని విచారించి 1863లో నివేదిక నిచ్చిన రాయల్ కమిషన్ కొరకు, ఇచ్చటి సైనికస్థావరములనుండి తెప్పించిన కాగితముల గుట్టలను లండనులో కూర్చుండియే పరిశీలించి, మన త్రాగునీటి స్థితిని, మురుగు కాలువల దుస్థితిని తూర్పారబట్టినది. క్రిమియా యుద్ధకాలమున దీపము పట్టుకొని తిరిగిన దయామూర్తిగా మాత్రమే ఆమెను స్మరించుట, ఆమెలోని ప్రధానమైన శక్తిని మరుగుపరచుటయే యగునని నా అభిప్రాయము. సైనికులలో గాయములచేత చచ్చినవారికంటె నివారింపదగిన రోగములచేత చచ్చినవారే అధికులని 1858లో లెక్కలు కట్టి, పటములు గీసి, ప్రభుత్వమునకు చూపిన స్త్రీ ఆమె. పరిచారిక చూచును, చూచినదానిని వ్రాసిపెట్టును, వ్రాసినదానికి తాను బాధ్యురాలగును. ఈ మూడును గలసినదే నైటింగేల్ నెలకొల్పిన వృత్తి. దయ యనునది మానవులందరును చూపదగిన గుణము. దానికి వృత్తిశిక్షణ అక్కరలేదు.

ఈ పట్టణమువారికి ఆ సంగతి గ్రంథములనుండి నేర్పవలసిన పని లేదు. 2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరు వన్‌టౌన్ వీధులలో, అంతవరకు ఏ రోగమును లేక తిరుగుచున్నవారు ఉన్నట్టుండి మూర్ఛిల్లి పడిపోవుటయు, నోట నురుగులు గ్రక్కుటయు, కొన్ని నిమిషములకు తెలివి వచ్చినను తమకేమైనదో చెప్పజాలకపోవుటయు ఆరంభమై, కొలది దినములలోనే ఆరువందలకు పైబడిన జనము ఆ వింతవ్యాధి పాలైరి. ముఖ్యమంత్రి వచ్చి రోగులను పరామర్శించిరి. కరోనా పరీక్షలలో దాని జాడ కానరాలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తములో సీసము, నికెలు కనబడినవనిరి. పిదప ఎయిమ్స్ నిపుణులును, నాగపురపు నీరి సంస్థవారును పురుగుమందుల అవశేషములే ముఖ్యహేతువు కావచ్చునని అభిప్రాయపడిరి. హైదరాబాదునుండి జాతీయ పోషకాహార సంస్థ వారును వచ్చి నమూనాలు గైకొనిరి. శాస్త్రజ్ఞుల మాట ఇట్లుండగా, వారు విమానములు దిగి రాకపూర్వము ఆ రోగులకడ నున్నదెవరు? మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుట, నోటిలోని నురుగు తీసి ఊపిరికి దారి చేయుట, ఫిట్స్ ఎన్ని నిమిషములున్నవో గడియారము చూచి కేస్‌షీటులో వ్రాయుట, ఏ వీధివారు ఏ నీరు త్రాగినారని అడుగుట, ఇవన్నియు ప్రయోగశాల ఫలితములు వచ్చువరకు ఆగగల పనులు కావు. హేతువు తెలియని రోగమునందు కేస్‌షీటే మొదటి శాస్త్రగ్రంథము. దానిలో అధికభాగము పరిచారికల చేవ్రాతయే. అప్పటికి వారు తొమ్మిది నెలలుగా కరోనా వార్డులలో నలిగియున్నవారనునది గూడ మరువరాదు.

ఇట్టి పనిలో ప్రత్యేకశిక్షణ పొందినవారినే నేను నిపుణ పరిచారికలని పేర్కొనుచున్నాను. ఐసీయూ, డయాలిసిస్, ఆపరేషన్ థియేటరు, ప్రసూతి, మానసికరోగ విభాగములలోని నర్సులును, ఆసుపత్రిలో సూక్ష్మజీవులు వ్యాపింపకుండ కాచు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సును ఈ కోవలోనివారే. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ 2017 ప్రాంతమున క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అను రెండేండ్ల చదువును ప్రవేశపెట్టినది. తెలంగాణ ప్రభుత్వము అదే కాలమున ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో, ప్రసవములను స్వయముగా నిర్వహింపగల మంత్రసానినర్సులకు పదునెనిమిది మాసముల శిక్షణ మొదలిడినది. చదువులు వచ్చినవి, పట్టాలు వచ్చినవి. చదివివచ్చిన పిల్ల తిరిగి మామూలు స్టాఫ్‌నర్సు ఉద్యోగములోనే కూర్చుండుట అనేకచోట్ల నేటికిని కనబడుచున్నది.

ఈ నైపుణ్యము ఎట్టిదో మన ప్రాంతపు రెండు ఉదాహరణములతో చెప్పెదను. చట్టముతో వచ్చు చిక్కంతయు వానిలోనే యున్నది.

మొదటిది, పురుగుమందు. తాడేపల్లిగూడెము చుట్టునుగల వరిచేలనుండి కొల్లేటి అంచులవరకు, మందు చల్లుచు ఒంటికి పట్టించుకొన్నవారో, మనసు విరిగి త్రాగినవారో ఆసుపత్రికి రాని నెల యుండదు. ఆర్గానోఫాస్ఫరస్ విషమునకు విరుగుడు అట్రోపిన్. ఆ మందునకు అందరికిని సరిపడు కొలత యనునది లేదు. రొమ్ములో గురగుర తగ్గినదా, చెమట ఆరినదా, నాడి హెచ్చినదా, కంటిపాప విప్పారినదా అని గడియగడియకును చూచి, చూచినదానినిబట్టి హెచ్చించుచు తగ్గించుచు పోవలయును. తక్కువైన రోగి తన ఊపిరితిత్తుల నీటిలోనే మునిగిపోవును. ఎక్కువైన జ్వరము ముంచుకొచ్చి, పిచ్చిమాటలాడుచు మంచము దిగి పరుగిడును. వైద్యుడు సాయంకాలము వ్రాసిపోయిన అంకె తెల్లవారుజామున మూడుగంటలకు చెల్లదు. ఆ వేళ నిర్ణయించునది పరిచారిక. పైగా, రోగి బట్టలనుండి, వాంతినుండి ఆ విషమే ఆమె చేతులకును సోకవచ్చును. గ్లవ్సులు, ఏప్రన్, గాలి ఆడు గది, రోగి బట్టలు తీసి ఒళ్లు కడుగుటకు నీరు, ఇవి యున్నవా అని ముందుగా చూచుట ఉద్యోగమిచ్చినవాని ధర్మము.

రెండవది, పాముకాటు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చు నీటిని నిలుపుకొని ఉప్పుటేరు మీదుగా సముద్రమున కంపు కొల్లేటి నడుమగల లంకగ్రామములలో, వాన కాలమున చేపల చెరువు గట్టుమీద రాత్రి కాపలా కాయువానిని పాము కరచెననుకొనుడు. పూర్వము తాటిదోనెలోను, ఇప్పుడు మోటారుసైకిలు మీదను అతనిని దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు చేర్తురు. డాక్టరుగారు ఆ వేళకు ఊర లేకపోవచ్చును. పరిచారిక రెండు మిల్లీలీటర్ల రక్తము శుభ్రమైన పొడి గాజుగొట్టములో తీసి, కదల్పక ఇరువది నిమిషములుంచి, పిమ్మట వంచి చూచును. గడ్డకట్టనియెడల రక్తపింజరి జాతి విషము. కనురెప్పలు వాలినవా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడు అని చూచును. అది నాగుపాము, కట్లపాముల లక్షణము. యాంటీవెనమ్ ఎక్కించిన పది నిమిషములలోనే రోగి ఒళ్లంతయు దద్దురులు లేచి, గొంతు బిగిసి, రక్తపుపోటు పడిపోవచ్చును. అప్పుడు అడ్రినలిన్ సూది తక్షణమే తొడలో వేయవలయును. ఫోనులో డాక్టరు పలుకువరకు ఆగిన ప్రాణము దక్కదు.

ఇచ్చట న్యాయవాది అడుగు ప్రశ్న యొక్కటే: ఆ సూది ఎవరి అధికారముతో వేసినది? వైద్యాధికారి ముందుగానే తేదీ వేసి, సంతకము చేసి గోడకంటించిన స్టాండింగ్ ఆర్డరు ఉన్నచో, ఆమె చేసిన పని ఆజ్ఞాపాలనము. లేనిచో, రోగి బ్రతికినంతకాలము ఆ ప్రశ్న ఎవరును అడుగరు; చచ్చిన మరునాడు అందరును అడుగుదురు. వైద్యుని నోటిమాటను ఫోనులో విని మందిచ్చిన సందర్భమున గంట, నిమిషము, చెప్పినవారి పేరు వెంటనే వ్రాసికొని, వారు వచ్చినతోడనే సంతకము పెట్టించుకొనుడని నేను పదేపదే చెప్పుచుందును. సంతకమడుగుట మర్యాద కాదని మొగమాటపడు సిస్టర్లను చాలమందిని చూచితిని. కోర్టులో మొగమాటమునకు విలువ లేదు.

ఇక వృత్తిలోని అపాయముల మాట. వాడిన సూది చేతికి గుచ్చుకొనినచో హెపటైటిస్ బి సోకు అవకాశము టీకా లేనివారికి నూటికి ముప్పదివరకును, హెపటైటిస్ సి నూటికి మూడువరకును, హెచ్.ఐ.వి. వెయ్యికి మూడును అని వైద్యులు స్థూలముగా చెప్పుదురు. హెచ్.ఐ.వి. నివారణ మందు రెండు గంటలలో మొదలిడుట శ్రేష్ఠము, డెబ్బదిరెండు గంటలు దాటిన నిష్ఫలము, ఇరువదియెనిమిది దినములు వాడవలయును. ఇవి ఉపకారములు కావు, హక్కులు. 2016 నాటి జీవవైద్యవ్యర్థ నియమములు ఉద్యోగులకు హెపటైటిస్ బి టీకా వేయింపుమని, సూదులను పొడుచుకురాని తెల్లడబ్బాలో వేయుమని శాసించుచున్నవి. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము నివారణ మందులను యజమానియే సమకూర్పవలెనని చెప్పుచున్నది. 1923 నాటి కార్మిక పరిహార చట్టమునకు బదులుగా 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మూడవ షెడ్యూలు ఆసుపత్రి పనిలో సోకిన అంటురోగమును వృత్తివ్యాధిగా ఎంచుచున్నది. సూది గుచ్చుకొనినది సిగ్గుపడి దాచిపెట్టిన పిల్ల, ఈ మూడు హక్కులను గూడ తానే చేజార్చుకొన్నదగును; గుచ్చుకొనిన గంటలోనే రిజిస్టరులో వ్రాయింపవలయును.

మనుష్యులవలన కలుగు అపాయము వేరొకటి. రోగి మరణించిన ఆవేశములో బంధువులు మీద పడునప్పుడు, సీనియరు వైద్యుడు ఏదో గదిలో నుండును. ఎదుట నిలిచి దెబ్బలు తినునది నర్సు. మన రాష్ట్రమున 2008 నాటి చట్టము ఇట్టి దౌర్జన్యమునకు మూడేండ్లవరకు ఖైదును, ఏబదివేలవరకు జరిమానాను విధించుచు, నర్సులనే గాక నర్సింగు విద్యార్థినులను గూడ స్పష్టముగా తన రక్షణలోనికి తెచ్చినది. మంచి చట్టము, ప్రయోగించినది అరుదు. 1973 నవంబరులో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో బట్టలు మార్చుకొనబోయిన నర్సు అరుణా శాన్‌బాగ్‌పై అక్కడి ఉద్యోగియే చేసిన పైశాచికకృత్యమును, ఆమె 2015 మే వరకు నలువదిరెండేండ్లు తెలివిలేని స్థితిలో ఆ ఆసుపత్రిలోనే పడియుండుటను మీరెరుగుదురు. ఆ నలువదిరెండేండ్లును ఆమె వీపున ఒక్క పుండు పుట్టనీయక కాచినవారు తోటి నర్సులే. ఒక తరము రిటైరై మరియొక తరము వచ్చినను ఆ సేవ మారలేదు. పనిచోట స్త్రీల రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది మాత్రము 2013లో. పదిమందిగాని, అంతకు మించిగాని ఉద్యోగులున్న ప్రతి ఆసుపత్రిలోను అంతర్గత సమితి ఉండవలయును. మీ ఆసుపత్రిలో దాని అధ్యక్షురాలెవరని అడిగిన, ఎందరు వెంటనే జవాబు చెప్పగలరు?

అన్నిటికంటె పెద్ద అపాయము సంఖ్యలోనిది. ఐసీయూలో మంచమునకొక నర్సు ఉండవలెనని కౌన్సిల్ ప్రమాణము. ఒక్కతె నాలుగు వెంటిలేటర్లను చూచుకొను రాత్రి జరిగిన పొరపాటు, ఆమె పొరపాటా, డ్యూటీ చార్టు వ్రాసినవాని పొరపాటా? నేనైతే ఆ చార్టునే మొదటి సాక్ష్యముగా కోర్టులో ప్రవేశపెట్టుదును.

శాసనము ఆమెనుండి కోరునది తక్కువ కాదు. పసిపిల్లపై లైంగికదౌర్జన్యము జరిగినదని తెలిసినచో పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలియజేయుట ఆమె స్వంతబాధ్యత. పైవారు వద్దనిరనుట సమాధానము కాజాలదు. 2017 నాటి మానసికారోగ్య చట్టము రోగిని గొలుసులతో కట్టుటను పూర్తిగా నిషేధించి, నిర్బంధమును సైకియాట్రిస్టు అనుమతితో, వేరు మార్గము లేనప్పుడు, అత్యల్పకాలము మాత్రమే అంగీకరించుచున్నది. హెచ్.ఐ.వి. రోగి సంగతి నోరుజారి చెప్పుట శిక్షకు దారితీయవచ్చును. కాలినగాయములతో వచ్చిన కోడలు డ్రెస్సింగు చేయు సిస్టరుతో చెప్పిన మాట మరణవాఙ్మూలముగా కోర్టుకెక్కవచ్చును. ఆమె మాటలను ఆమె మాటలుగానే వ్రాయుడు, మీ భాషలోనికి దిద్దకుడు.

ఇంతవరకు చెప్పినది, పరిచారికను శాసనము బాధ్యురాలిగా గుర్తించిన తీరు. అధికారిణిగా గుర్తించిన తీరు ఎట్లున్నది? ఏలూరు కేంద్రముగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినది 1925లో. మరుసటి యేడే మదరాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టమును చేసి, శిక్షణ పొందినవారి పేర్లు రిజిస్టరులో నెక్కించు పద్ధతిని తెచ్చినది. 1947 డిసెంబరులో భారతీయ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. 2023లో దానిని తొలగించుచు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము వచ్చి, చదువులకు, తనిఖీలకు, నీతినియమములకు వేర్వేరు మండలుల నేర్పరచినది. నూరేండ్లలో రిజిస్టరు పెరిగినది. అందు పేరున్న స్త్రీ ఏ మందును తన నిర్ణయముతో ఇయ్యవచ్చును, ఏ ఘట్టమున తన నిర్ణయమే చెల్లును అను విషయము మాత్రము ఆసుపత్రివారి దయకే విడువబడినది.

న్యాయస్థానముల మాట వినుడు. టైఫాయిడుతో చేరిన బిడ్డకు క్లోరాంఫెనికాల్ బదులు క్లోరోక్విన్ నరములోనికి ఎక్కించిన ఫలితముగా మెదడు శాశ్వతముగా చెడిన స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో 1998లో సుప్రీంకోర్టు, ఆ ఇంజెక్షను చేసినామె ఏ కౌన్సిలులోను నమోదు కానిదని, వైద్యుడు స్వయముగా చేయవలసిన పనిని ఆమెకు విడిచినాడని వచ్చిన నిర్ణయమును సమర్థించి, బిడ్డకు పండ్రెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు అయిదు లక్షలు ఆసుపత్రి చెల్లింపవలెనన్నది. నేటికిని పట్టా లేని పిల్లలకు తెల్లకోటు తొడిగి నర్సులని చెలామణి చేయు నర్సింగ్‌హోముల యజమానులు ఈ తీర్పును అద్దము కట్టించి గల్లాపెట్టె వెనుక వ్రేలాడదీసికొనదగును. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు, వైద్యునిపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యము కావలెనని, ముందుగా నిష్పక్షపాతియైన మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనవలెనని, ఊరకే అరెస్టు చేయరాదని చెప్పినది. ఈ రక్షణ నర్సులకును కలిగింపవలెనని 2024లో కేరళ హైకోర్టు తన ప్రభుత్వమును ఆదేశించినది. మన పోలీసుస్టేషనులో దానిని వాదించి సాధించుకొనవలసినదే.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచినది. పాత శిక్షాస్మృతిలోని 304-ఏ సెక్షను క్రింద నిర్లక్ష్యముచేత మరణము కలిగించినవారికి, వైద్యుడైనను నర్సైనను, రెండేండ్లవరకు శిక్ష. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 106వ సెక్షను ఆ శిక్షను అయిదేండ్లకు పెంచి, చికిత్స చేయుచున్న రిజిస్టర్డు వైద్యునకు మాత్రము రెండేండ్లనే నిలిపినది. రిజిస్టర్డు వైద్యుడనగా ఎవరో అచ్చటనే వివరణ యిచ్చిరి: వైద్యకమిషన్ చట్టము గుర్తించిన పట్టాగలిగి, మెడికల్ రిజిస్టరులో పేరున్నవాడు. నర్సు పేరు ఆ రిజిస్టరులో ఉండదు. అనగా, ఒకే మంచమువద్ద, ఒకే రోగి విషయమున, ఒకే మందు గూర్చి ఇరువురును తప్పిరని తేలినచో, ఆజ్ఞ యిచ్చినవానికి రెండేండ్లు, పాటించినదానికి అయిదేండ్లు. చట్టము చేసినవారు ఇట్లు కావలెనని తలచిరని నేననుకొనను. వారి తలపులోనికి నర్సు రానేలేదు, అంతే. తలపునకు రాకపోవుటయే నా ఫిర్యాదు.

కావున నేను కోరునవి రెండు. ఆ వివరణలో, నర్సింగు మిడ్‌వైఫరీ రిజిస్టరులలో పేరున్నవారిని గూడ చేర్చవలెను. ఒక వాక్యపు సవరణ. 2023 చట్టము క్రింద రాష్ట్ర కమిషన్ నడపు రిజిస్టరులో ఐసీయూ, ప్రసూతి, డయాలిసిస్ నైపుణ్యములను వేరుగా నమోదు చేసి, ఒక్కొక్క దానికి ఏయే మందులు, ఏయే పనులు ఆమె స్వయంనిర్ణయమునకు లోబడునో ఆ రిజిస్టరు ప్రక్కనే ప్రకటింపవలెను. అంతవరకు, కొల్లేటి చుట్టునుగల ప్రతి ఆరోగ్యకేంద్రములోను అట్రోపిన్‌కు, యాంటీవెనమ్‌కు, అడ్రినలిన్‌కు సంతకముతోగూడిన స్టాండింగ్ ఆర్డరులు వానకాలము రాకమునుపే గోడమీద నుండునట్లు, జిల్లా వైద్యాధికారులకు ఈ సభానంతరమే అర్జీ వ్రాయుదము. చిత్తుప్రతి నావద్ద సిద్ధముగా నున్నది. సంతకములు మీవి కావలెను.